సకారం లేని లెక్క

దర్శి,
4 ఫిబ్రవరి 2024.

చిరంజీవి నగ్మాకు,

మామయ్య ఆశీస్సులు. ఇంట్లో నేనూ మీ అత్తయ్య ఖాజాబీ క్షేమమే. నా నోట్లో మాత్రం ఎవరూ లేరు.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుకుంటావని తెలుసు. ఏం చెయ్యమంటావు? మొన్న ఫోనులో నేను మూడు ముక్కలు మాట్లాడితే ఏడుసార్లు "ఏంటి మామయ్యా?" అన్నావు. ఎనిమిదోసారి "సరే మామయ్యా" అని పెట్టేశావు. అర్థమై అన్న "సరే"కీ, అర్థంకాక అన్న "సరే"కీ తేడా ముప్ఫై మూడేళ్ళు తెలుగు పాఠం చెప్పినవాడికి తెలియదా?

కిందటి నెలలో నా ఆఖరి రెండు పళ్ళూ పీకించేశాను. దానివల్ల ఏమొచ్చిందో చెప్తాను విను. నా స్నేహితుడు జక్రయ్య నీకు తెలుసుగా, మా బడిలో లెక్కల మాస్టారు. నీటికాసుల జబ్బుతో వాడి కళ్ళు రెండూ పోయి నాలుగేళ్ళయింది. అప్పట్నుంచీ రోజూ పొద్దున ఏడింటికి వాళ్ళింటికి వెళ్ళి పేపరంతా చదివి, తరవాత బైబిల్లో ఒక అధ్యాయం చదివి వస్తాను. మా మసీదువాళ్ళకూ వాళ్ళ చర్చివాళ్ళకూ ఇది వింత. మాకు కాదు. పళ్ళు పోయాక కూడా మానలేదు. "శాసనసభ సమావేశాలు" అని మొదలుపెడితే గాలి వస్తోంది, అక్షరం రావటం లేదు. అయినా చదివాను.

మొన్న సోమవారం వెళ్ళేసరికి వాళ్ళ కోడలు మహిమ ఫోనులో ఏదో పెట్టింది. పేపరు దానంతట అదే చదువుతోంది. ఆడగొంతు. ఒత్తుల్లేవు, విరామం లేదు, చావు కబురూ పెళ్ళి కబురూ ఒకటే రాగం. జక్రయ్య "ఇక నువ్వు శ్రమపడకురా పండితా, ఇది చదువుతుందిలే" అన్నాడు. నలభై ఏళ్ళ స్నేహం, నగ్మా! ఒక ఫోనుతో సరిపెట్టాడు. ఇంటికొచ్చి ఏడ్చాను. నీ దగ్గర నాకు సిగ్గేమిటి?

మాంసం నమలడానికి కాదు నాకు పళ్ళు కావలసింది. మళ్ళీ వాడి పక్కన కూర్చుని చదవడానికి. నువ్వు గుంటూరులో పళ్ళు కట్టే పై చదువు చదువుతున్నావని ఊరంతా చెప్పుకున్నాను. మీ మామయ్యకు ఏమైనా చెయ్యగలవా?

జవాబు ఉత్తరంగానే రాయి. ఫోను చేసి ఇద్దర్నీ బాధపెట్టకు.

సుభానీ మామయ్య.


గుంటూరు, హాస్టల్,
15 ఫిబ్రవరి.

మామయ్య గారికి,

సలాం. టెన్త్ తరవాత నేను తెలుగులో లెటర్ రాయడం ఇదే. తప్పులుంటే తిట్టొద్దు.

మీరు అడగడం కాదు, నేనే మిమ్మల్ని అడగాలి. నా థీసిస్‌కు అస్సలు పల్లు లేనివాళ్ళు పన్నెండుమంది కావాలి. ఆరుగురు దొరికారు. మీరు ఏడో పేషెంటు.

కొత్త సెట్ కట్టేటప్పుడు అసలు కష్టం దవడలతోనే మామయ్యా. పళ్ళున్నప్పుడు పైవీ కిందవీ ఎక్కడ కలవాలో వాటికే తెలుసు. అవి పోయాక కింది దవడ ఎంత ఎత్తులో ఆగాలి, ఎంత వెనక్కి ఆగాలి అన్నది చెప్పేవాళ్ళుండరు. ఇన్నాళ్ళూ మైనం దిమ్మెలు నోట్లో పెట్టి, ముక్కు కింద ఒక చుక్క, గడ్డం మీద ఒక చుక్క పెట్టి, డాక్టరు కంటి అంచనాతో కొలిచేవారు. మేం ఇప్పుడు చిగుళ్ళను స్కాన్ చేస్తాం. తలకు ఒక ఫ్రేము, గడ్డానికి ఒక సెన్సరు పెడతాం. మీరు దవడ ముందుకీ పక్కలకీ కదిపితే కంప్యూటర్ బాణం ములుకులా ఒక గీత గీస్తుంది. ఆ మొన దగ్గరే మీ దవడ అసలు చోటు. మాట్లాడేటప్పుడు నోరు ఎంత తెరుచుకుంటుందో కూడా అదే కొలుస్తుంది. పాత పద్ధతి, కొత్త పద్ధతి రెండూ మీ మీద చేసి పోల్చి చూడటమే నా థీసిస్.

డాక్టరు కన్ను పొరపాటు పడొచ్చు. మెషిన్ పడదు. మీరు జక్రయ్య అంకుల్‌కి మళ్ళీ చదువుతారు. నాదీ పూచీ.

నగ్మా.


దర్శి,
18 మార్చి.

చిరంజీవి నగ్మాకు,

ముందుగా, "పల్లు" కాదమ్మా, "పళ్ళు". ళకారానికి నాలుక మడవాలి, పళ్ళతో దానికి పని లేదు. పళ్ళులేని నేనే పలుకుతుంటే ముప్ఫై రెండూ పెట్టుకున్న నీకేమొచ్చింది?

మీ కాలేజీలో నాకు జరిగిన మర్యాద ఇక్కడ ఇంకా చెప్పుకుంటున్నాను. నోట్లో చిన్న లైటులాంటిది తిప్పి నా చిగుళ్ళను టీవీలో చూపించారు. మీ అత్తయ్య "అబ్బ, మీ మొహంకంటే అవే నయంగా ఉన్నాయి" అంది. నువ్వు విన్నావో లేదో. తరవాత తలకు చట్రం బిగించి, చుట్టూ ఎనిమిదిమంది డాక్టర్లు నిలబడి, మీ మేడమ్ "మామూలుగా ఉండండి సార్" అంది. ఆ అవతారంలో మామూలుగా ఉండగలిగినవాడు ఎవడైనా ఉంటే నాకు చూపించు. నేను గ్రూపు ఫోటోకు కూర్చున్నట్టు గడ్డం ఎత్తి కూర్చున్నాను. "దవడ వదిలెయ్యండి" అన్నావు. వదిలేస్తే ఏమవుతుందోనని గట్టిగా పట్టుకున్నాను.

ఆ తుమ్ముకు మాత్రం నన్ను క్షమించాలి. యార్డులో మిర్చి సీజను కదా, ఆ రోడ్డున ఆటోలో వచ్చినవాణ్ణి ఎంతసేపని ఆపుకుంటాను? కంప్యూటరు నా తుమ్మును కూడా శ్రద్ధగా గీసిందట. దాన్ని చూసి ఒక కుర్రడాక్టరు కుడి దవడ కీలులో జబ్బుందేమో అన్నాడు.

ఆఖర్న కాగితం చూసి "అరవై నుంచి డెబ్బై దాకా లెక్కపెట్టండి" అన్నావు. పెట్టాను. జక్రయ్యకు చెప్తే ఒకటే నవ్వు. "తెలుగు పండితుడికి లెక్కల పరీక్ష పెట్టారా? పాసయ్యావా?" అన్నాడు. వాడు నవ్వుతుంటే పక్కన ఆ ఫోను ఆగకుండా చదువుతూనే ఉంది. దానికి ఎదుటివాడు వింటున్నాడో లేదో పట్టదు.

పళ్ళెప్పుడొస్తాయి?

మామయ్య.


గుంటూరు,
22 ఏప్రిల్.

మామయ్య గారికి,

సెట్ రెడీ! శుక్రవారం రండి.

మీకో సంగతి చెప్పాలి. మేడమ్ మైనంతో చేసిన కొలతకంటే మెషిన్ మూడు మిల్లీమీటర్ల ఎత్తు ఎక్కువ చూపించింది. మీకే కాదు, ఇప్పటిదాకా ఏడుగురికీ అంతే, రెండో మూడో ఎక్కువ. మేడమ్ రెండు కొలతలూ పక్కపక్కన పెట్టి చూసుకుని "ఇరవై ఏళ్ళుగా నేనే తక్కువ పెడుతున్నానేమో" అన్నారు. మెషిన్ ప్రకారమే వెళ్ళాం. నా థీసిస్‌లో ఇదే హైలైట్ అవుతుంది. నాకు నిద్ర పట్టడం లేదు సంతోషంతో.

ఒక ఫామ్ ఇస్తాను. నెల వాడాక నింపి పంపండి. నమలడం, మాట, అందం, హాయి, ఒక్కోదానికి పది మార్కులు. నిజమే రాయండి.

నగ్మా.

తా.క. "పళ్ళు, పళ్ళు, పళ్ళు." వందసార్లు రాశాను.


దర్శి,
3 జూన్ 2024.

గౌరవనీయులైన డాక్టరు నగ్మా గారికి,

మీరు ఇచ్చిన ఫారం నింపి దీనితో జత చేస్తున్నాను. నమలడం పదికి పది. మాట పదికి పది. అందం పదికి పది. హాయి పదికి పది. తమరి సేవలు అభినందనీయము.

ఇక్కడ ఎండలు బాగున్నాయి. జక్రయ్య బాగున్నాడు.

భవదీయుడు,
షేక్ సుభానీ, తెలుగు పండితుడు (విశ్రాంత).


గుంటూరు,
14 జూన్.

మామయ్యా,

మీ ఫామ్ చూసి మేడమ్ "నంబర్ సెవెన్ పర్‌ఫెక్ట్" అన్నారు. నేను అందరికీ జిలేబీ పెట్టాను. సాయంత్రం అత్తయ్య ఫోను చేసింది.

"ఏమే నగ్మా, మీ మామయ్య ఆ పళ్ళు స్టీలు గిన్నెలో నీళ్ళు పోసి అలమారులో దాచాడే! నానబెట్టిన పప్పనుకుని మూత తీశాను, గుండె ఆగినంత పనైంది. వారం రోజులు పెట్టుకున్నాడు, అంతే" అంది.

నాకు చాలా కోపమొచ్చింది మామయ్యా. కోపంకంటే ఏడుపు. పిల్లలు ఒక్క దీర్ఘం తప్పు రాస్తే మార్కు కోసేవారు కదా మీరు! నాకు పదికి పది ఎలా వేశారు? దయ తలిచారా? మీరు మళ్ళీ చదువుతున్నారని ఇక్కడ అందరికీ చెప్పుకున్నాను.

అలవాటు కావడానికి టైము పడుతుంది. బహుశా మీ చిగుళ్ళు బాగా అరిగిపోయి ఉంటాయి. అయినా నిజం రాయాలి కదా.

నగ్మా.


దర్శి,
20 జూన్.

నగ్మా,

దయ తలచడం కాదు, పిరికితనం. నీ చదువు పాడవుతుందని భయపడ్డాను. తిట్టు, పడతాను. కానీ నా చిగుళ్ళను మాత్రం అనకు. వాటి తప్పేం లేదు.

జరిగింది ఇది. పళ్ళు పెట్టుకున్న మర్నాడే జక్రయ్య దగ్గరికి పరిగెత్తాను. "ఆ ఫోను కట్టెయ్యరా, నేనొచ్చాను" అని పేపరు తీశాను. మొదటి వార్త "సాగర్ కాలువకు సాగునీరు". సా అనగానే టక్. మళ్ళీ సా అనగానే టక్. జక్రయ్య చెవి రిక్కించి "అమ్మా మహిమా, ఎవరో తలుపు కొడుతున్నారు, చూడు" అన్నాడు. ఆ పిల్ల నిజంగానే వెళ్ళి తలుపు తీసింది! వారంపాటు చదివాను. వారంలో మూడుసార్లు తలుపు తీశారు. ఎనిమిదోరోజు జక్రయ్యే "వద్దులేరా, నీకెందుకీ బాధ" అని ఫోను పెట్టమన్నాడు. నా పేరు నేను చెప్పుకున్నా టక్‌మంటుంది, నగ్మా. సుభానీ టక్. ఇంక ఏం చదవను?

అప్పుడు కోపం తగ్గాక కూర్చుని ఆలోచించాను. నీకు డాక్టరీ వచ్చు, నాకు వ్యాకరణం వచ్చు. సకారం దంత్యం. దాన్ని పలికేటప్పుడు పై పళ్ళూ కింది పళ్ళూ దగ్గరగా వచ్చి, తగలకుండా ఆగాలి. ఆ సందులోంచి గాలి పోవాలి. నీ పళ్ళు ఆగటం లేదు, కొట్టుకుంటున్నాయి. పకారం, మకారం ఓష్ఠ్యాలు, పెదవులు కలవాలి. నేను బలవంతంగా లాగితే తప్ప కలవటం లేదు. అంటే ఏమిటి? నీ పళ్ళు నా నోటిని ఉండవలసినదానికంటే ఎత్తుగా తెరిచి పెట్టాయి.

మరి ఆ ఎత్తు ఎక్కడ కొలిచారు? నాచేత లెక్కపెట్టించినప్పుడు. అరవై, అరవై ఒకటి, అరవై రెండు... వేళ్ళ మీద పెట్టుకుని డెబ్బై దాకా వెళ్ళాను. నాలుగుసార్లు వెళ్ళాను. ఎక్కడా ఒక్క సకారం లేదమ్మా! పళ్ళు దగ్గరికి రావలసిన అక్షరమే లేకుండా, అవి ఎంత దగ్గరికి వస్తాయో ఎలా కొలిచారు? ఏరి ఏరి ఆ అంకెలే ఎందుకు పట్టుకున్నారు?

నీ యంత్రం పొరపాటు పడిందని నేననను. అరవై ఆరు అనడానికి నా నోరు ఎంత తెరుచుకోవాలో అది చక్కగా రాసుకుంది. మిగిలిన జీవితమంతా నేను అరవై ఆరు, అరవై ఆరు అంటూ బతికితే ఈ పళ్ళకు తిరుగులేదు.

మామయ్య.


గుంటూరు,
29 జూన్.

మామయ్యా,

మీ లెటర్ మెస్‌లో చదివాను. ప్లేటు అలాగే వదిలేసి రూముకొచ్చేశాను.

ఇంగ్లీషు పుస్తకంలో "సిక్స్‌టీ నుంచి సెవెంటీ దాకా లెక్కపెట్టించాలి" అని ఉంటుంది. సిక్స్‌టీ సిక్స్, సిక్స్‌టీ సెవెన్, అన్నీ స, స, స. అందుకే ఆ అంకెలు. మన పేషెంట్లకు ఇంగ్లీషు రాదని ఆ షీటును తెలుగులోకి మార్చారు. మార్చింది ఎవరో కాదు, నేనే. సిక్స్‌టీ అంటే అరవై, ఇంతకంటే ఏముంది అనుకున్నాను. మేడమ్ "వాళ్ళ మామయ్య తెలుగు పండిట్, అందుకే ఇంత నీట్‌గా ఉంది" అని అందరిముందు మెచ్చుకున్నారు కూడా.

ఏడుగురికీ ఆ షీటే వాడాను. ఏడుగురికీ ఎత్తు ఎక్కువొచ్చింది. అది నా తప్పని తెలియక, పాత పద్ధతే తప్పు అని ముప్ఫై పేజీలు రాశాను. ఆ ఏడుగురిలో ఒకావిడ, పిడుగురాళ్ల కొండమ్మ గారికి నిన్న ఫోను చేసి నిజం చెప్పమన్నాను. "ఫోటోలకు బాగుంటాయమ్మా, అన్నం తినేటప్పుడు తీసేస్తా. నువ్వు చిన్నపిల్లవి, బాధపడతావని బాగున్నాయని చెప్పా" అంది. ఆమె కూడా పదికి పదే వేసింది. నా మీద ఇంతమందికి జాలి ఏంటి మామయ్యా?

ఇప్పుడు చెబితే అందరినీ మళ్ళీ పిలవాలి. ఆరు నెలలు వెనకబడతాను. నా బ్యాచ్ వెళ్ళిపోతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అన్ని ఫామ్‌లూ పదికి పది ఉన్నాయి.

ఏం చెయ్యను?

నగ్మా.


దర్శి,
3 జూలై.

నగ్మా,

చెప్పెయ్యి.

నా ఫారం చించి అవతల పారెయ్యి. అబద్ధం నాది, తప్పు నీది. రెండూ కలిపి మీ మేడమ్ ముందు పెట్టు. భయమేస్తే కబురు చెయ్యి, మొదటి బస్సుకు వచ్చి నీ పక్కన నిలబడతాను. నేను నోరు విప్పినా ఎవరికీ అర్థం కాదు కాబట్టి నావల్ల నీకు ప్రమాదం లేదు.

అంకెలు తీసేసి ఇవి పలికించు: "సీసాలో సోంపు, సంచిలో సాంబ్రాణి." పెదవులకు: "మా మామ మామిడిపప్పు." ఊళ్ళో ఎవరైనా పలుకుతారు, చదువు రాకపోయినా.

కొండమ్మ గారిని కూడా పిలు. తినేటప్పుడు తీసి ఫోటోకు పెట్టుకునే పళ్ళు ఎవరికి కావాలి?

మామయ్య.


గుంటూరు,
11 ఆగస్టు.

మామయ్య గారికి,

చెప్పేశాను.

మేడమ్ నా షీటు చేతిలోకి తీసుకున్నారు. తరవాత మెల్లగా తనే "అరవై ఒకటి, అరవై రెండు" అని పలికి చూసుకున్నారు. అద్దం తీసి మళ్ళీ పలికారు. "సిక్స్‌టీ వన్" అన్నారు. నవ్వారు. ఆ తరవాత తిట్టారు, గంటసేపు, ఇంగ్లీషులో. ఆ తిట్లను తెలుగులోకి మార్చే ధైర్యం నాకు లేదు.

ఆరు నెలలు వెనకబడటం ఖాయం. అమ్మకు చెప్పాను. "మీ మామయ్యకు పళ్ళు కట్టబోయి నీ కొంపే ముంచుకున్నావా" అంది, కానీ తిట్టలేదు.

కొండమ్మ గారిమీద మొదట చేశాం. అదే మెషిన్, అదే ఫ్రేము, మీ సీసా, మీ సోంపు. మేడమ్ మైనం కొలతకూ మెషిన్ కొలతకూ తేడా అర మిల్లీమీటరు! రెండూ ఒకేమాట చెప్పాయి. దాంతో నా థీసిస్‌లో హైలైట్ ఏమీ మిగల్లేదు, నిజం మాత్రం మిగిలింది. మేడమ్ ఈ సంగతి మీద పెద్ద సదస్సులో పేపరు చదవబోతున్నారు. అందులో మీ పేరు లేదు. "ఒక రిటైర్డ్ పేషెంటు సూచన మేరకు" అని ఉంది. నేను గొడవ పెట్టుకోనా?

మంగళవారం రండి. ఈసారి రింగురోడ్డు మీదుగా రండి, తుమ్మకుండా.

నగ్మా.


దర్శి,
25 సెప్టెంబర్ 2024.

చిరంజీవి నగ్మాకు,

గొడవేం వద్దు. పేషెంటుగా రిటైరవ్వడం కంటే గౌరవమేముంది?

మొన్న సోమవారం ఏడింటికి జక్రయ్య ఇంటికి వెళ్ళాను. కొత్త పళ్ళ సంగతి వాడికి చెప్పలేదు. మహిమ నన్ను చూసి ఏదో అనబోతే నోటిమీద వేలు పెట్టి ఆపాను. చప్పుడు చెయ్యకుండా పక్క కుర్చీలో కూర్చుని పేపరు విప్పి మొదలుపెట్టాను. ఒక్క టక్ లేదు, నగ్మా! సకారం సకారంలా, మకారం మకారంలా, ఒత్తులు ఒత్తుల్లా. మూడు పేజీలు గుక్క తిప్పుకోకుండా చదివాను. జక్రయ్య తల ఊపుతూ వింటున్నాడు. నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను.

నాలుగో పేజీ తిప్పుతుండగా వాడు లోపలికి కేకేశాడు.

"అమ్మా మహిమా! ఈ ఫోనుకేం చేయించావు? మగగొంతు పెట్టావా? ఇవాళ బ్రహ్మాండంగా చదువుతోంది. ఇదుగో, సుభానీగాడు వచ్చినప్పుడు మాత్రం ఇది పెట్టకు. వాడి మనసు కష్టపడుతుంది."

ఇన్ని తిప్పలు పడి తెచ్చుకున్న పళ్ళు నోటినిండా ఉన్నాయి, మాట మాత్రం లేదు. కాసేపటికి "ఒరేయ్, నేనేరా" అన్నాను. వాడు ఉలిక్కిపడి చెయ్యి చాచి నా గడ్డం, పెదవులు, దవడలు తడిమి చూశాడు. తడిమి, నన్ను నాలుగు తిట్టి, ఇలా అన్నాడు:

"ఆ ఫోను నా సుఖానికి పెట్టించుకున్నాననుకున్నావట్రా? నువ్వు దవడలు ఈడ్చుకుంటూ, ఎంగిలి మింగుకుంటూ చదువుతుంటే వినలేకపోయాను. చదవొద్దంటే మానే రకానివా నువ్వు? అందుకని పెట్టించా. అది చదివేది ఒక్క ముక్క నా బుర్రకెక్కితే ఒట్టు. ఎనిమిది నెలలుగా పేపర్లో ఏముందో నాకు తెలీదురా పండితా."

ఇద్దరం కూర్చుని ఏడ్చాం. మహిమ టీ తెచ్చి, మమ్మల్ని చూసి, మళ్ళీ లోపలికి తీసుకెళ్ళిపోయింది.

పాత పేపర్లు కట్టలు కట్టి అటక మీద ఉన్నాయట. దింపించాం. ఫిబ్రవరి నుంచి మొదలుపెట్టాను, రోజుకు మూడు. ఎన్నికల్లో ఎవరు గెలుస్తారని వాడు ఒక మాటంటాడు, నేనొకటంటాను. ఫలితాలొచ్చి నాలుగు నెలలు కావస్తోంది, ఇద్దరికీ తెలుసు. అయినా నిన్న కేకలు పెద్దవైపోయి పక్కింటివాళ్ళు తొంగిచూశారు.

మామయ్య.